పాదు కింద ఇల్లు

మా ఆఫీసులో ఆమెను డేగ అని పిలిచేవాళ్లం. ఉపగ్రహం తీసిన ఫోటోలో ఎంత చిన్న గుడిసె ఉన్నా ఆమె కంటపడకుండా పోదని ఆ పేరు పెట్టాం. మొహం మీదే అలా పిలిచినా కోప్పడేది కాదు. పైగా లోలోపల మురిసిపోయేది.

పని వినడానికి తేలిక. కంప్యూటర్‌లో నగరం ఫోటో తెరుచుకుంటుంది. అందులో కనిపించే ప్రతి ఇంటి కప్పు చుట్టూ మౌస్‌తో గీత గీయాలి. కాగితాలు లేని వాడల్లో ఎవరెక్కడ ఉంటున్నారో నగర కార్యాలయానికి తెలియదు కాబట్టి మా గీతలే వాళ్లకు ఆధారం. గీత ఉన్న ఇంటిని పడగొడితే బదులుగా ఇంకో ఇల్లు ఇస్తారు. గీత లేకపోతే ఆ ఇల్లు అసలు లేనట్టే. ఇంత పని మా చేతుల్లో పెట్టి, తెర మీద ఎండ పడకూడదని మా గది కిటికీలకు నల్లకాగితం అంటించారు. ఊరందరి ఇళ్లూ చూసే మాకు ఎదురింటి గోడ కనిపించేది కాదు.

సూపర్‌వైజరు రోజూ చెప్పేది ఒక్కటే: కనిపించింది గీయండి, కనిపించనిది గీయకండి. డేగ ఆ మాటను మా అందరికంటే గట్టిగా పట్టుకుంది. ఓసారి చెట్టుకొమ్మల కింద ఇల్లుంటుందని ఊహించి గీశాను. పక్క కుర్చీలోంచి లేచి వచ్చి అందరి ముందూ చెరిపించి, ఊహలు ఇంటి దగ్గర వదిలేసి రమ్మంది. నాకు ఒళ్లు మండింది. ఒకరోజు ఈమెకూ ఇలాంటి కొమ్మ ఎదురవ్వాలి అనుకున్నాను. ఎదురైంది కూడా, కానీ నాకేం సంబరంగా లేదు.

ఆమె పెరిగింది కాలువగట్టు వాడలో. తల్లి పోయాక అక్కే సాకింది. అక్కది ఇస్త్రీ పని. రేకుల ఇంట్లో పైనుంచి ఎండ, లోపల ఇస్త్రీపెట్టె నిప్పులు. పరీక్షల ముందు ఆ వేడికి చదవలేక చెల్లి గుమ్మంలో కూర్చుని ఏడిస్తే, అక్క గోడ వారన సొరవిత్తనాలు పెట్టి తీగను కప్పు మీదికి పాకించింది. అప్పట్నుంచి ఏటా ఆ ఇంటి మీద పాదు ఉండాల్సిందే. ఆ నీడలోనే చదువుకుని డేగ ఉద్యోగంలో చేరింది, ఊళ్లో ఒక అద్దెగది తీసుకుంది. అక్క మాత్రం గట్టు వదిలి రాలేదు.

కాలువగట్టు వాడకు మ్యాపు గీయాలని, కొత్త ఫోటో వస్తోందని కబురు రాగానే డేగ పరుగున అక్క దగ్గరికి వెళ్లింది. పాదు తీసేయమంది. పైనుంచి చూస్తే ఆకులే తప్ప ఇల్లు కనపడదని నచ్చజెప్పింది. నిండా పిందెలున్నాయి, అవి ముదిరేదాకా ఆగమని అక్క బతిమాలింది. డేగ ఆగలేదు. తనే కొడవలి తెచ్చి మొదలు కోసేసింది. అక్క తీగలు లాగి, పిందెలేరి బుట్టలో వేసుకుంది. సాయంత్రానికి రేకులు తళతళలాడాయి. ఆ సంగతి మాకు చెబుతున్నప్పుడు డేగ మొహం కూడా అలాగే ఉంది.

ఫోటో వచ్చింది. అది కొత్తది కాదు. ఉన్నదే సరిపోతుందని నగర కార్యాలయం కిందటేడు వానలు వెలిసినప్పటి ఫోటో పంపింది. డేగ కాలువ వెంట వెతుక్కుంటూ వెళ్లి ఒకచోట ఆగిపోయింది. కోసి పారేసిన పాదు తెర మీద నిండుగా, పచ్చగా ఉంది.

డేగ ఆ ఆకుల మీదే నాలుగు మూలలూ పెట్టి ఇల్లు గీసేసింది. నేను చూశాను, ఎవరికీ చెప్పలేదు. విషయం నా దగ్గర ఆగిపోయింది గానీ సూపర్‌వైజరు దగ్గర ఆగలేదు. మర్నాడు ఆయన ఆమె వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఇక్కడ ఆకులున్నాయి. ఇల్లేదమ్మా?"

"కింద ఉంది సార్. నేను అందులోనే పెరిగాను. ఇప్పుడు పాదు కూడా లేదు, ఎవరినైనా పంపి చూడండి."

"నువ్వెక్కడ పెరిగావో నాకెందుకు? రేపు ఇంకొకరొచ్చి మా మేనత్త ఇల్లు కూడా గీస్తానంటారు. ఫోటోలో ఏముంటే అదే గీయి."

ఇంకొకరికి అప్పగించినా బాగుండేది. ఆ గీత ఆమె చేతే చెరిపించి, ఆ చోటును పచ్చని స్థలంగా ఆమె చేతే గీయించాడు. ఉద్యోగం పోతే తనూ ఆ గట్టుకే చేరాలి. డేగ తలొంచుకుని గీసింది. చేతికి అలవాటైన పని కాబట్టి ఆకుల అంచు చెక్కుచెదరకుండా వచ్చింది.

వాడ మొత్తంలో ఉన్న ఒక్క పచ్చని చోటునూ కాపాడాలని, దాన్ని పార్కు చేయాలని, వాడను తీసేయడానికి నగర కార్యాలయం వేసిన ప్రణాళికలో తేల్చారు. మ్యాపు చూడడానికి వచ్చిన ఇంజనీరు ఆ ముక్క మీద వేలు పెట్టి, ఇంత అందంగా గీసిందెవరని అడిగాడు. నేనే సార్ అంది డేగ. ఆయన భుజం తట్టి వెళ్లాడు. ఆయన చేయి విరగ్గొట్టాలనిపించింది నాకు.

వాడను ఖాళీ చేయించినప్పుడు చుట్టుపక్కల వాళ్లందరికీ ఇళ్లొచ్చాయి. అక్కకు రాలేదు. ఇస్త్రీబల్లతో చెల్లి గదికి చేరింది. బల్ల లోపల పట్టక మెట్ల కింద పెట్టారు. డేగ కాళ్లు పట్టుకోబోతే అక్క వెనక్కి జరిగి, గొంతు పెంచకుండానే అందట.

"ఇల్లు ఎలాగూ పోయేదే. ఆ పాదైనా ఉంచి ఉంటే నాలుగు కాయలు దక్కేవి కదే."

ఆ తర్వాత ఇద్దరి మధ్యా అవసరమైన మాటలే నడిచాయి.

ఏడాది తర్వాత నిజంగానే కొత్త ఫోటో వచ్చింది. అక్క ఇల్లున్న చోట చదును చేసిన ఎర్రమట్టి, ఒక బోర్డు నీడ. మొక్క అన్నది లేదు. డేగ దాన్ని ఖాళీస్థలంగా మార్చబోతుంటే సూపర్‌వైజరు ఆపాడు. పార్కు పూర్తయినట్టు కాగితాలు పైకి వెళ్లాయని, పాత గీత అలాగే ఉంచమన్నాడు.

"ఇక్కడ ఆకు కూడా కనిపించడం లేదు సార్."

"కనిపించకపోతే ఏం? ఉంచెయ్."

డేగ ఆయన వంక చూసింది. తర్వాత నా వంక చూసింది. మౌస్ పక్కకు జరిపి, తరువాతి వాడ తెరిచింది. ఆ సొరపాదు ఇప్పటికీ మ్యాపులో పచ్చగానే ఉంది.