ఉరకాలా, గుంజాలా

పికప్ వెనక ట్రాలీ తగిలించే కొక్కెం కనబడితే చాలు, వీరేశం ఇక ఎవరి మాటా వినడు. బరువు గుంజే పళ్ల చక్రాలే బిగిస్తాడు. మైలేజీ పడిపోతుందని తిట్టుకుంటూ కొందరు కోదాడ మెకానిక్కుల దగ్గరికి పోతున్నారు. సూర్యాపేటలో అతని షెడ్డు పక్కనే నాది స్పేర్ పార్టుల కొట్టు. బేరాలు పోతుంటే నాకు ఒళ్లు మండుతుంది. కానీ ఏమీ అనలేను.

బండి వెనక ఇరుసులో రెండు పళ్ల చక్రాలుంటాయి. పెద్దది క్రౌన్, చిన్నది పినియన్. ఒక జత వేస్తే బండి నిదానంగా పోతుంది గానీ ఎంత బరువైనా గుంజుతుంది. ఇంకో జత వేస్తే ఉరుకుతుంది, డీజిల్ కలిసొస్తుంది, ఎత్తు ఎక్కాలంటే మాత్రం మొరాయిస్తుంది. అందుకే వీరేశం అందరినీ ముందు ఒకటే అడిగేవాడు.

"ఉర్కాల్నా, గుంజాల్నా?"

నిరుడు ఎండాకాలం తిరుమలగిరి నుంచి బక్కయ్య వచ్చాడు. గొర్లకాపరి, వీరేశానికి వరసకు మామ. వరికోతలయ్యాక భార్య ముత్తమ్మతో కలిసి మందను బండిలో వేములపల్లి పొలాలకు తీసుకెళ్లి మేపుతాడు.

"ఎన్ని జీవాలు మామా?"

"ఉన్నయ్ తియ్, ఓ ఇర్వై. డీజిల్ మస్తు తాగుతున్నది, జర ఉరికేదే ఎయ్యి."

"ట్రాలీల ఏమేస్తవ్?"

"తట్టాబుట్టా. గంతే."

వీరేశం సరేనన్నాడు. ఆ పళ్ల డబ్బా అందించింది నేనే.

గొర్లకాపరులు మంద లెక్క పైకి చెప్పరు. చెబితే దిష్టి తగిలి మంద తరిగిపోతుందని భయం. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు. మందలో పుట్టి పెరిగిన వీరేశానికి తెలుసు. కానీ పాతికేళ్లుగా షెడ్డులో కూర్చుని, చెప్పిన లెక్కే నమ్మడం అలవాటైపోయింది అతనికి.

ఆ పళ్లతోనే బక్కయ్య మందను వేములపల్లికి బయల్దేరదీశాడు. సగం జీవాలు బండిలో, సగం ట్రాలీలో. వేములపల్లి దగ్గర కాలువ కట్ట ఎక్కుతుండగా ఇంజన్ ఆగిపోయింది. బక్కయ్య బ్రేకు తొక్కినా ట్రాలీ బరువుకు బండి వెనక్కి జారింది. గొర్రెపిల్లలను ఒళ్లో పెట్టుకుని ముత్తమ్మ ట్రాలీలోనే కూర్చుని ఉంది. కొక్కెం విరిగి ట్రాలీ కాలువలో పడింది. ఆమెను బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

పదకొండో రోజున ఇద్దరం తిరుమలగిరి వెళ్లాం. బక్కయ్య మమ్మల్ని గడప దగ్గరే తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన చాప వేయించాడు.

వీరేశం కూర్చోలేదు. "నాదే తప్పు మామా. మా అయ్య అరవై ఉంటె ముప్పై అనేటోడు. ఎరుకుండి గూడ నీ లెక్క మీదనే పని జేసిన."

బక్కయ్య దొడ్డివైపు తిరిగాడు. మిగిలిన జీవాలు ఒక మూలకు చేరి నిలబడి ఉన్నాయి.

"యాభై నాలుగు," అన్నాడు.

వంటింట్లో మాట్లాడుకుంటున్న ఆడవాళ్లు ఒక్కసారిగా ఆగిపోయారు. ఆ ఇంట్లో మంద లెక్క పైకి వినబడటం అదే మొదటిసారట.

"ఆ దినం ఎన్నున్నయో చెప్పకపోతి వీరేశం. ఇప్పుడు చెప్తున్న. యాభై నాలుగు. ఎవ్వల దిష్టి తగుల్తదో తగలనియ్యి."