మానేటి చెలిమెలు, మా చెల్లె

మా ఊళ్లో బావులు లేక కాదు. ఉన్న బావుల నీళ్లు ఉప్పన, వాటితో పప్పు ఉడికేది కాదు. అందుకే తాగే నీళ్లకు మానేరుకే పోయేవాళ్లం. ఏటి ఇసుకలో మోకాలి లోతు గుంత తీస్తే నీళ్లు ఊరతాయి. దాన్నే చెలిమె అంటాం. కొబ్బరి చిప్పతో మెల్లగా తోడి, బిందె మూతికి గుడ్డ కట్టి వడపోసి, నెత్తిన పెట్టుకుని తెచ్చుకునేవాళ్లం. ఆ నీళ్లు తాగిన నోటికి ఇప్పటి సీసా నీళ్లు నీళ్లనే అనిపించవు. ఈ మాటంటే మా పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

ఆ ఒడ్డే మా ఊరికి శ్మశానం కూడా. మనిషి పోతే, కాల్చి వచ్చాక, ఆ మనిషి కట్టుబట్టలు, పక్కబట్టలు, మిగిలిన మందుల సీసాలు మూటగట్టి ఏట్లో వదలడం ఆచారం. ఏరు నిండుగా పారినన్నాళ్లు ఏ మూటా కంటికి కనబడలేదు. ఎనభైల్లో వానలు మొహం చాటేసిన ఏళ్లు వచ్చాయి. మూటలు వదిలిన చోటే ఇసుకలో కూరుకుపోయాయి. చెలిమె తీస్తే ముందు చీర కొంగు బయటపడేది, ఆ తర్వాత నీళ్లు. వాడలో పిల్లలకు ఒకటే వాంతులు, విరేచనాలు. అందరూ డాక్టరు దగ్గరికి పరుగెత్తారు గానీ ఏటి వంక చూసినవాళ్లు లేరు.

చూసింది మా చెల్లె. అప్పుడది సుల్తానాబాద్‌లో ఇంటర్ చదువుతోంది. మనిషి గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉండేది, పట్టుదలకు మాత్రం ఊళ్లో సాటి లేదు. మా వాడ పిల్లల్ని, చర్చి వాడ పిల్లల్ని కలిపి, ఇసుకలోంచి ఆ మూటలు తీయడానికి ఒక గుంపు చేసింది. నలుగురు పడుచు పిల్లలు ఒకచోట కూడితే నక్సలైట్లేమోనని ఠాణా దాకా మాట పోయే రోజులవి. కన్నతండ్రి కదా, బాపుకు భయం పట్టుకుంది. పోలీసులు అడిగితే ఏం చెప్పాలని గొణిగాడు. గంపలూ పారలూ చూపించమంది చెల్లె. పని పట్టపగలే చేస్తామని సర్పంచుకు ముందే చెప్పి వచ్చింది కూడా. ఎండలో ఇసుక తవ్వి తవ్వి మా అందరి చేతులూ బొబ్బలెక్కాయి. నేను దానికంటే పెద్దదాన్ని, రోజూ విసుక్కుంటూనే పోయేదాన్ని. అది ఒక్కనాడూ విసుక్కోలేదు.

మొదట్లోనే ఒక పెద్ద పొరపాటు చేశాం. తీసిన బట్టలన్నీ కుప్పపోసి నిప్పు పెట్టాం. పొగ చూసి ఊరంతా ఏటికి వచ్చింది. ఆ కుప్పలో తన తండ్రి ధోవతి ఉందని ఒక పెద్దమనిషి కంటతడి పెట్టుకున్నాడు. "ఒక్కసారి కాలిన మనిషిని మల్ల కాలుస్తరా?" అన్నాడు. చెల్లె ఆయన ఇంటికి పోయి, తప్పయిందని కాళ్లు మొక్కి వచ్చింది. అంతటితో ఊరుకోకుండా ఏటికి దూరంగా, గట్టు మీద బీడులో లోతైన గుంత తవ్వించింది. ఇక మీదట బట్టలు కాల్చేది లేదు, ఏట్లో వేసేది లేదు, మట్టిలో కలపాలంది. ఎవరింట్లో మనిషి పోయినా తనే పోయి, వాళ్ల ఏడుపు తగ్గేదాకా కూర్చుని, అప్పుడు అడిగేది. కొందరు విన్నారు. చాలామంది వినలేదు. ఆ పెద్దమనిషి ఒక్కటే మాట అన్నాడు: "మీ ఇంట్ల మనిషి పోయిననాడు సూస్తం బిడ్డా."

ఆ ఎండాకాలమే మా తాత పోయాడు.

తాత గొంగడి మీదే పడుకునేవాడు, వానొస్తే అదే కప్పుకునేవాడు. బాపమ్మ, అంటే మా నాయనమ్మ, దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఏట్లో వేయకపోతే అది ఆయనకు చేరదని, అక్కడ చలికి వణుకుతాడని ఆమె నమ్మకం. మూడో నాడు పిట్టకు పెట్టడానికి, అంటే కాకికి పిండం ముద్ద పెట్టడానికి, అందరం ఏటికి పోయాం. గొంగడి భుజాన వేసుకుని బాపమ్మ ముందు నడిచింది. ఊళ్లో సగం మంది ఒడ్డునే ఉన్నారు, ఆ పెద్దమనిషితో సహా. ఇవాళ గొంగడి ఇసుకలో పడితే చెల్లె మాట ఇక ఎవరూ వినరు. అది నాకు తెలుసు, దానికి ఇంకా బాగా తెలుసు. అయినా బాపమ్మ చేతిలోంచి గుంజుకోలేదు. పక్కనే నిలబడి నిదానంగా చెప్పింది.

"బాపమ్మా, నీకు ఏడ ఎయ్యబుద్ధయితే గాడనే ఎయ్యి. నేనైతే దాన్ని మల్ల బయటికి తియ్య. రేపు పొద్దుగాల మన ఇంటికి నీళ్లు గీ చెలిమెలకెంచే తెస్త."

బాపమ్మ చెలిమె వైపు చూసింది. బిందెలు పట్టుకుని ఆడవాళ్లు తోడకుండా ఆగి ఉన్నారు. ఒకామె చంకలో పసిపిల్ల. బాపమ్మ అడిగింది.

"మరి ఆయనకు ఏరు ఎట్ల ముట్టాలె?"

జవాబు బాపమ్మే వెతుక్కుంది. కూర్చుని చెలిమెలోంచి చెంబెడు నీళ్లు తోడుకుంది. గట్టెక్కి, గొంగడిని గుంతలో పరిచి, దాని మీద ఆ నీళ్లు పోసింది. అప్పుడు ఏడ్చింది. ఆ పెద్దమనిషి పార అందుకుని తనే మట్టి తోశాడు.

ఆ తర్వాత ఊళ్లో ఎవరు పోయినా బట్టలు గట్టుకే పోయాయి, వెంట చెంబెడు ఏటి నీళ్లూ పోయాయి. రెండు వానకాలాలు ఏరు బాగా పారాక చెలిమెల్లో నీళ్లు మళ్లీ తేటపడ్డాయి. చెల్లెను ఎవరూ మెచ్చుకోలేదు. అది మెచ్చుకోలు అడిగే రకమూ కాదు.

బాపమ్మ పోయింది తొంభైల్లో. అప్పటికి మేమిద్దరం పెళ్లిళ్లయి వేరే ఊళ్లలో ఉన్నాం. మూడో నాడు ఏటికి బయల్దేరుతుంటే, మా వాడకు కొత్తగా కోడలై వచ్చిన పిల్ల ఒకతి చెల్లె చేతిలో చెంబు పెట్టింది.

"గుంతల ఏటి నీళ్లు పొయ్యాలె అక్కా, మర్వకు. మీ ఊర్ల ముత్తాతల సంది గిదే పద్ధతట."

నాకు నవ్వొచ్చింది. నవ్వుదామని చెల్లె మొహం చూశాను. దాని కళ్ల నిండా నీళ్లు. "మర్వను తీ" అని చెంబు తీసుకుని చెలిమె వైపు నడిచింది.