చెల్లని పేరు

నా చిన్నప్పుడు మేము ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో ఉండేవాళ్లం. మా పక్కింటి ఆంటీది కడప. ఆమె కూతురూ నేనూ ఒకే స్కూలు. స్కూలు ముందు స్టాప్ బోర్డు పట్టుకుని మమ్మల్ని రోడ్డు దాటించే ఒక తెల్లజుట్టు బామ్మ ఉండేది. ఖర్చు తగ్గించాలని కౌన్సిల్ వాళ్లు ఆ ఉద్యోగం తీసేశారు. నెల తిరక్కముందే ఆంటీ కూతుర్ని అక్కడే కారు గుద్దింది. కాలు విరిగింది.

కౌన్సిలర్ చుట్టూ తిరిగి తిరిగి ఆంటీ విసిగిపోయింది. ఇంతలో ఎన్నికలు వచ్చాయి. నిలబడ్డవాళ్లలో ఒక్కరూ ఆ రోడ్డు ఊసెత్తలేదు. అమెరికాలో పోటీలో లేని మనిషి పేరు కూడా బ్యాలెట్ మీద చేత్తో రాయొచ్చని ఆంటీ ఎక్కడో విన్నది. ఇక్కడా అంతే అనుకుని, ఎవరికీ గుర్తు పెట్టకుండా ఆ బామ్మ పేరు రాయమని వీధంతా తిరిగి చెప్పింది. మా అమ్మానాన్నలు కూడా రాశారు.

పాత కౌన్సిలరే మళ్లీ గెలిచాడు. మర్నాడు ఆంటీ మా వంటింట్లో నిలబడి కౌన్సిల్‌కు ఫోన్ చేసింది. ఈ దేశంలో చేత్తో రాసిన పేర్లు లెక్కకు రావనీ, ఆ ఓట్లన్నీ చెల్లలేదనీ అవతలి గొంతు ఎంతో మర్యాదగా చెప్పింది. ఆంటీ ఫోన్ బల్ల మీద విసిరికొట్టింది.

"అంటే మా కోపమంతా చెత్తబుట్టకేనా? పేరు అచ్చులో ఉంటేనే లెక్కా? అయితే ఈసారి నా పేరే అచ్చులో ఉండల్ల!"

అన్నంత పనీ చేసింది. తర్వాతి ఎన్నికలకు నామినేషన్ల గడువు ముందే కనుక్కుని, ఇరుగుపొరుగు చేత సంతకాలు పెట్టించుకుంది. స్కూలు అయ్యాక నన్ను వెంటబెట్టుకుని కరపత్రాలు పంచేది. ఒకాయన కరపత్రం చించి, మీ దేశానికి పొండని మా ముఖం మీదే తలుపు వేశాడు. నాకు ఏడుపొచ్చింది. ఆంటీ ఆ మూసిన తలుపు మీద తెలుగులోనే అరిచింది.

"ఇదే మా ఊరు! అందుకే అడుగుతాండా!"

ఆంటీ ఓడిపోయింది. పాత కౌన్సిలర్ కూడా ఓడిపోయాడు. ఆంటీకి పడ్డ ఓట్లు చూసి, గెలిచినావిడ త్వరలోనే ఆ రోడ్డు మీద జీబ్రా క్రాసింగ్ వేయించింది. అందరూ అభినందిస్తుంటే ఆంటీ మాత్రం నవ్వలేదు.

"బిడ్డ కాలు విరిగితే గానీ నాలుగు గీతలు గీయరా?" అంది.

నాకు ఇప్పటికీ కోపం తొందరగానే వస్తుంది. దాన్ని అణచుకోమని ఆంటీ నాకెప్పుడూ చెప్పలేదు. అందుకే ఎక్కడైనా అన్యాయం కనబడితే ముందు నేను అడిగేది ఒక్కటే: నామినేషన్లకు ఆఖరి రోజు ఎప్పుడు?