దుర్గ పాట ఉన్న డిస్కు

గొంతును పిసరంత నెమ్మది చేస్తే అది ఆ మనిషి గొంతేనా, కాదా? ఈ ప్రశ్నకు జవాబు ఇప్పటికీ దొరకలేదు.

ఇందుకూరుపేటలో పెళ్ళి వీడియోలకు మిక్సింగ్ చేసే కరుణాకుమారికి పనితనం ఉంది, ఓపికే తక్కువ. ముహూర్తాల రోజుల్లో కంప్యూటరు ముందే అన్నం తినేది, అక్కడే కునికేది. మైపాడు కామమ్మ పెద్దకూతురు దుర్గ తన చెల్లెలు రోజా పెళ్ళిలో పాడిన పాట వీడియో కరుణ దగ్గరుండేది. ఆ పెళ్ళయిన కొన్నాళ్ళకే దుర్గ జ్వరంతో పోయింది. ఆ పాట ఒక్కటీ డిస్కులో ఎక్కించి ఇమ్మని కామమ్మ వచ్చి అడిగింది.

డిస్కు కరుణ దుకాణంలో చక్కగా ఆడింది. కామమ్మ ఇంట్లో మాత్రం తెర నల్లగా ఉండిపోయింది. ఓడలో పనిచేసే చిన్నల్లుడు, రోజా మొగుడు మస్తాన్ జపాను రేవులో కొనుక్కొచ్చిన ప్లేయరు అది. మన కెమెరాలు సెకనుకు ఇరవై ఐదు బొమ్మలు తీస్తాయి. ఆ దేశపు లెక్క వేరు. ఆ మిషను మన లెక్కను ఒప్పుకోదు. సరిగ్గా మార్చాలంటే కంప్యూటరును గంటలకొద్దీ ఆ పనికే వదిలేయాలి. సులువు దారి ఇంకొకటుంది: ఆ బొమ్మలనే సెకనుకు ఇరవై నాలుగు చొప్పున నడిపించడం. దాన్ని ఏ ఊరి మిషనైనా ఒప్పుకుంటుంది. కాకపోతే పాట కొద్దిగా సాగుతుంది, గొంతు కొద్దిగా దిగుతుంది.

ఎవరు కనిపెడతారులే అనుకుంది కరుణ. కొత్త డిస్కు కామమ్మ చేతిలో పెట్టి, "పాతది ఇంక దేనికీ పనికిరాదక్కా, పారెయ్" అంది. చోటు చాలక తన దగ్గరున్న అసలు వీడియోనూ చెరిపేసింది.

కొత్త డిస్కును అప్పటిదాకా పెట్టకుండా దాచుకున్న కామమ్మ, దుర్గ సంవత్సరీకం నాడు పట్టుబట్టి పిలిస్తే కరుణ వెళ్ళింది. కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తెర మీద దుర్గ నవ్వింది, పాట ఎత్తుకుంది.

"ఎవురు పాడేది?" అంది కామమ్మ.

"ఎవురేంది అత్తా, నీ కూతురే. అద్దాలు పెట్టుకో" అన్నాడు మస్తాన్.

"నా కండ్లకేం రోగం అబ్బయా? మనిషి అదే. గొంతు కాదు. నా బిడ్డ పాడితే గువ్వ కూసినట్టుండేది. ఇది ఎవురో మూలగతా ఉండాది."

"పెద్ద టీవీ గదా, గొంతూ పెద్దదే వస్తాదిలే."

రోజా నవ్వలేదు. "జొరంలో మా అక్క ఇట్టనే మాట్లాడింది" అంది.

కామమ్మ కరుణ వైపు తిరిగింది. "నువ్వు చెప్పుమా. ఇది మా దుర్గేనా?"

కరుణ కుర్చీలోంచి లేచింది. "ఆ పాత డిస్కు ఏడుందక్కా?"

"పారెయ్‌మన్నావు గదా. తళతళా మెరస్తా ఉంటే పారేసేదెందుకని, కాకులు రాకుండా ఎండుచేపల మీద కట్టినా."

కరుణ బయటికొచ్చింది. ఇసుకలో ఎండేసిన చేపల మీద, నైలాను తాడుకు వేలాడుతూ డిస్కు గిరగిరా తిరుగుతోంది. పట్టుకుని చూసింది. ఉప్పుగాలికి పొరలు లేచిపోయాయి. వేలు తగిలినచోటల్లా మెరుపు రాలింది. వదిలేస్తే మళ్ళీ తిరగసాగింది.

"ఇంకోసారి పెట్టు నాయనా, ఈసారన్నా సరిగ్గా పాడతాదేమో" అంటోంది లోపల కామమ్మ.

పాట మళ్ళీ మొదలైంది. గుమ్మం దగ్గర విడిచిన చెప్పులు కాళ్ళకు తగిలించుకుని, వెళ్ళొస్తానని ఎవరితోనూ అనకుండా, కరుణ బస్సు రోడ్డు వైపు నడిచింది.