స్కానర్‌లో నిద్రపోయిన నా భయం

ఆ రోజుల్లో దేన్నైనా కాగితం మీద రుజువు చేయవచ్చని నా నమ్మకం. హోసూరులో వాహనాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో తనిఖీ పని నాది. బాగున్న ముక్కకు పచ్చ ట్యాగ్, పనికిరానిదానికి ఎర్ర ట్యాగ్. ఏ ట్యాగూ వేయలేకపోయింది నా భయానికొక్కదానికే. రోజూ ఉదయం మీటింగ్‌లో లేచి, ముందురోజు ఎర్ర ట్యాగులు ఎందుకు పడ్డాయో చదవాలి. లేవగానే గుండె దడ, అరచేతుల్లో చెమట, గొంతు ఎండిపోవడం (ఈ మూడింటికీ వరుస నంబర్లు వేసి మరీ డాక్టరుకు రాసిచ్చాను). ఆందోళన జబ్బు అన్నాడాయన. కుందారపల్లిలో మేకలు మేపే మా మామ ఒప్పుకోలేదు. ముందు కల్లావిలో ఒకాయన దగ్గర తాయెత్తు కట్టిస్తాననీ, తర్వాత ఉద్యోగం మాన్పించి ఊరికి తీసుకుపోతాననీ పట్టుబట్టాడు.

అప్పుడే బెంగళూరులో ఒక ఆసుపత్రివాళ్ళు, ఆందోళన ఉన్నవాళ్ళ మెదడులో రక్తం ఎటు ఎంత పారుతుందో స్కాన్ తీసి పరిశోధిస్తున్నారని తెలిసింది. వెంటనే పేరిచ్చాను. మామనూ రమ్మన్నాను. స్కాన్ బొమ్మలో భయం కనిపిస్తే ఇక నోరెత్తకూడదన్నాను.

"కనపడకుంటే నువ్వే నోరు మూసుకోని ఊరికి రావల్లప్పా" అన్నాడు.

ఆసుపత్రిలో బెల్టు, గడియారం, ఉంగరం, తాళాలు అన్నీ వాళ్ళు చెప్పిన ప్రకారం తీసిచ్చాను. కళ్ళు తెరిచే ఉంచాలి, నిద్రపోకూడదు అని అక్కడి డాక్టరమ్మ రెండుసార్లు చెప్పింది. స్కానర్ గొట్టంలోకి పంపాక మొదలైంది మోత, ధన్ ధన్ ధన్. అచ్చం మా ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్ మోతే. నాలుగేళ్ళుగా మధ్యాహ్నం భోజనం కాగానే ఆ ప్రెస్ పక్క గోడకానుకునే నేను కునుకు తీసేది.

మోత ఆగిన సందులో నా గురక మైకులో వినిపించిందట.

బయట మామ ఆ సంగతి విని, "భయమున్నోడు గురక పెడతాడామ్మా?" అని అడిగాడు. స్కాన్ మళ్ళీ తీయాలంది డాక్టరమ్మ. అయినా ఒక్కరి బొమ్మ చూసి జబ్బు ఉందో లేదో చెప్పలేరనీ, చాలామందివి కలిపి చూస్తేనే ఏమైనా తెలుస్తుందనీ చెప్పింది. ఆ ముక్క నేను సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది (తనిఖీ ఉద్యోగిని, చదవకుండా సంతకం పెట్టాను).

మామ సంచి భుజాన వేసుకున్నాడు. "పదప్పా, బస్సుకు టైమైంది."

వరండాలో జనమంతా మావైపే చూస్తున్నారు. ఒకటి, రెండు, మూడు, డాక్టరుకు రాసిచ్చిన నా జాబితాలోవన్నీ వరుసగా వచ్చేశాయి.

"నేను రాను మామా. నాకు మిషన్ అంటే భయం లేదు, మనుషుల ముందర నిలబడాలంటేనే భయం. ఇప్పుడూ వణుకుతా ఉండాను, చూడు. బొమ్మ లేకపోయినా ఇది నిజమే. తాయెత్తు కట్టుకోను. ఉద్యోగం వదలను. డాక్టరిచ్చిన మందు మింగి పోయి ఆ మీటింగ్‌లోనే నిలబడతాను."

చాచిన నా చేతిని మామ పట్టుకుని చూశాడు. కాసేపు వదల్లేదు.

"ఇంత వణుక్కుంటా ఇన్ని మాట్లాడినావే" అంటూ సంచి దించి బెంచీ మీద కూర్చున్నాడు. "పో, మళ్ళా తీయించుకో. ఈతూరి నిద్ర పోవద్దు."

నిద్రపోలేదు. తొడ గిల్లుకుంటూ మేలుకున్నాను. నా బొమ్మ ఎందరి బొమ్మల్లో కలిసిందో నాకు తెలియదు. భయానికి ట్యాగ్ వేయించుకోవడానికి బెంగళూరు దాకా పోయిన ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటే జాలీ నవ్వూ కలిసి వస్తాయి. మీటింగ్‌లో ఇప్పటికీ నా చేతిలో కాగితం గలగలమంటుంది. దాని పని దానిదే అనుకుని చివరి వరుస దాకా చదివే కూర్చుంటాను. అవతల ప్రెస్ మొదలైందంటే మాత్రం ఆవులింత ఆపుకోవడం నా వల్ల కాదు.