పస్తున్న మడి

అవ్వ పోయిందని కార్డు వచ్చింది. పోయిన ఎనిమిదో రోజుకు నా చేతికందింది. రాసింది ఆమె కొడుకు. "మా అమ్మ బేస్తవారం పొద్దున పోయింది. పెద్దకర్మకు నువ్వు రావాల." అంతే, ఇంకేం లేదు. చావు కబురు తెచ్చిన కార్డును చదవగానే చించెయ్యాలంటారు మా వీధిలో. నాకు చేతులు రాలేదు. ఇప్పటికీ నా చొక్కా జేబులోనే ఉంది.

మీలో ఎవరికీ ఆమె తెలియదు. ఆ మాటకొస్తే ఆమె నాకు చుట్టమూ కాదు. మాది ఉదయగిరి. మా అబ్బాజాన్ నర్ది కొయ్యతో గరిటెలు, చెంచాలు చెక్కేవారు. ఆమెది ఆత్మకూరు నుంచి అనంతసాగరం పోయే దారిలో ఒక పల్లె, సేద్యం చేసుకునే కుటుంబం. ఆమె నాకు అవ్వ ఎట్లా అయిందో చెప్పాలంటే తొమ్మిది మళ్ళ సంగతి చెప్పాలి. అందులో ఆమె చేసిన తప్పొకటి ఉంది, నేను చేసిన తప్పొకటి ఉంది. ఆమె తనది దాచుకోలేదు గనక నేనూ నాది దాచుకోను.

డెబ్బైల నడిమి మాట. అప్పట్లో ఊళ్ళోకి జీపు వచ్చిందంటే యూరియా గురించే. బస్తా ఎరువు వెయ్యని రైతు వెర్రివాడని అందరికీ నమ్మకం కుదిరిపోయిన కాలం. నేను అప్పుడే వ్యవసాయం చదువు ముగించి, నేల మీద పరిశోధన చేసే ఒక సారు దగ్గర తాత్కాలిక పనిలో చేరాను. ఆ సారు అదో రకం మనిషి. దిబ్బ ఎరువు, పచ్చిరొట్ట నేలకు బలమని పెద్దవాళ్ళంతా చెబుతారు, నిజమే కావచ్చు, ఎవరైనా తూచి చూశారా అని అడిగేవారు. నమ్మకం వేరు, తూకం వేరు అనేది ఆయన మాట. పైవాళ్ళు పేడ మీద పరిశోధనేమిటని నవ్వారు. నవ్వి, పోనీలే అని ఒక్క పంటకాలం ఇచ్చారు. రైతు పొలంలో చేసి చూపించాలి, ఏమీ తేలకపోతే కాగితాలు కట్టేసి అటక మీద పెట్టాలి. దాంతోపాటు నా పనీ అటకెక్కుతుంది.

పొలం ఇచ్చేవాళ్ళ కోసం సైకిలు మీద ఊరూరా తిరిగాను. అందరూ అడిగింది ఒకటే, మాకేమిస్తారని. అవ్వ మాత్రం దూడకు గడ్డి వేస్తూ, తల తిప్పకుండానే, "మా దిబ్బ ఎరువు ఇన్నాళ్ళకు మీ కంట్లో పడిందా? చెయ్యండి, చూద్దాం" అంది. ఆమెకు అప్పటికి అరవై ఉంటాయి. భర్త పోయి చాలా కాలమైంది. కొడుకు, కోడలు ఉన్నా చేను మీద పెత్తనం ఆమెదే.

మొదటి రోజు మధ్యాహ్నం అన్నాల వేళ కోడలు నాకు వసారాలో వేరుగా విస్తరి వేసింది. తురకపిల్లవాడిని కదా, ఆ రోజుల్లో అది మామూలే, నాకూ తప్పనిపించలేదు. అవ్వ వచ్చి చూసింది. ఆ విస్తరి చేత్తో ఎత్తుకుని లోపలికి పోయి కొడుకు పక్కన వేసింది. "పంక్తి అంటే ఒకటే నాయనా. ఒకరికి వడ్డించి ఒకరిని చూస్తా కూచోమంటే తిన్నోడికి అరగదు" అంది. గోంగూర పప్పు, మజ్జిగ. ఆ పూట ఎంత తిన్నానో నాకే సిగ్గేసింది.

ఆమె ఇంటి వెనకనే చేను. దొడ్డి తలుపు తీస్తే గట్టు. అక్కడ తొమ్మిది చిన్న మళ్ళు కట్టాం. మూడింటికి బస్తా ఎరువు, మూడింటికి దిబ్బ ఎరువూ కానుగ రొట్టా, మూడింటికి ఏమీ వెయ్యకూడదు. గుర్తుకు అబ్బాజాన్ తొమ్మిది కొయ్య మేకులు చెక్కి ఇచ్చారు, గరిటె కాడల్లాగే నున్నగా. ఏమీ వెయ్యని మళ్ళ మేకుల మీద సున్నా చెక్కారు. అన్నిట్లో ఒకటే వడ్లు, మొలగొలుకులు. ఒకటే నీళ్ళు.

సున్నా ఏందని అవ్వ అడిగింది. ఆ మడికి ఏమీ పెట్టబోమని చెప్పాను. ఎందుకు పెట్టరు అంది. ఏమీ వెయ్యని మడి ఎంత పండుతుందో తెలిస్తేనే కదా, వేసిన ఎరువు ఎంత పెంచిందో తెలిసేది అని సారు దగ్గర నేర్చుకున్న పాఠం గడగడా అప్పజెప్పాను. ఆమె మూడు మళ్ళనూ ఒకసారి చూసింది. "అయితే దీన్ని పస్తు పెడతారన్నమాట" అని లోపలికి పోయింది. ఆ మాట దగ్గర నేను ఆగి ఉండాల్సింది. ఆగలేదు. చదువుకున్నవాణ్ణి కదా!

నాట్లకు ముందు రంజాన్ వచ్చింది. మూడు రోజులకని ఉదయగిరి పోయి పది రోజులున్నాను. అమ్మ చేతి సేమ్యా, కొండ కింద స్నేహితులు, కాలం తెలియలేదు. తిరిగొచ్చి పుస్తకంలో పది రోజులూ చేను చూసినట్టే రాసేశాను. నాట్లేసేటప్పుడు ఒక సున్నా మడి బురదలో నా కాలికి కానుగ ఈనె గుచ్చుకుంది. పక్క మడిలోంచి నీళ్ళకు కొట్టుకొచ్చి ఉంటుందనుకుని గట్టు మీదికి విసిరేశాను. అది రాయాలని కూడా తోచలేదు. నా తప్పు అదీ.

పైరు పెరిగింది. సున్నా మళ్ళు కూడా పచ్చగా నవనవలాడుతూ పెరిగాయి. నేల మంచిదిలే అనుకున్నాను. కోతలయ్యాయి. ఏ మడికా మడి విడిగా కొట్టి తూచాం. సారు అంకెలు రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపేశారు. దిబ్బ ఎరువు వేసిన మళ్ళకూ ఏమీ వెయ్యని మళ్ళకూ తేడా దాదాపు లేదు. రెండు రోజులు ఆయన ఆ అంకెలే మళ్ళీ మళ్ళీ కూడి చూసుకున్నారు. మూడో రోజు నన్ను పిలిచి, మనం అనుకున్నది తప్పబ్బాయ్, దిబ్బ ఎరువుతో లాభం లేదని తేలింది, ఉన్నది ఉన్నట్టు రాసి పంపుతాను అన్నారు. ఎంతో ఇష్టంగా మొదలుపెట్టిన పనికి తానే సమాధి కట్టబోతూ కూడా ఆయన ఉన్నది ఉన్నట్టే రాస్తానన్నారు. నాకు ఏడుపొచ్చింది.

అవ్వకు చెప్పి వద్దామని సైకిలెక్కాను. ఆమె దొడ్లో పేడకళ్ళు ఎత్తుతోంది. సంగతంతా చెప్పాను. ఇక మీద ఎవరైనా దిబ్బ ఎరువు మాటెత్తితే ఈ కాగితమే చూపిస్తారు అవ్వా, నీ చేనులోనే తేలింది, వేసినా ఒకటే వెయ్యకున్నా ఒకటే అని. ఆమె చేతిలో గంప అట్లాగే ఉండిపోయింది.

"వెయ్యకపోతే గదా నాయనా" అంది.

నాకు అర్థం కాలేదు. గంప దించి, కొంగుతో చేతులు తుడుచుకుని, గట్టు మీద కూర్చుంది.

"నువ్వు పండక్కి పొయ్యినప్పుడు మూడు మళ్ళలోనూ కానుగ రొట్ట తొక్కినాను. ఆ తర్వాత కూడా నాలుగు రోజులకొకసారి పేడనీళ్ళు పోస్తానే ఉండినాను. దొడ్డి తలుపు తీస్తే ఆ మడే కనబడతాది. పక్కనున్నోళ్ళంతా తింటా ఉంటే అదొకటి ఊరికే చూస్తా ఉండాది. నాకు ముద్ద దిగలా."

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే భయం వేసింది. ఆమె ఎరువు ఎందుకూ పనికిరాదని రుజువు కాబోయింది ఆమె పెట్టిన ఎరువు వల్లనే! ఇది సారుకు చెబితే, పది రోజులు ఉదయగిరిలో సేమ్యా తింటూ పుస్తకంలో అబద్ధం రాసింది నేనని బయటపడుతుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అవ్వ నా ముఖంలో ఆ లెక్కంతా చదివేసినట్టుంది. "నా తప్పు నేను చెప్పుకుంటాను, నన్ను మీ సారు కాడికి తీసకపో" అంటూ లేచింది. అరవయ్యేళ్ళ మనిషి, సైకిలు వెనక ఎక్కుతానంటోంది. ఇంకేం చెయ్యను, ఆమెను గట్టు మీదే కూర్చోబెట్టి, నేనే పోయి చెబుతానన్నాను.

సారు ఉండే ఆత్మకూరు దాకా ఎట్లా తొక్కానో నాకే తెలియదు. సారుకు ఆమె చేసిందీ చెప్పాను, నేను చేసిందీ చెప్పాను, కానుగ ఈనె సంగతితో సహా. ఆయన అంతా విని, అంకెలు రాసిన పేజీల మీద అడ్డంగా గీత కొట్టారు. చించలేదు. ఇవి లెక్కలోకి రావని పక్కన రాసి సంతకం పెట్టారు. నా వైపు చూడకుండా, ఆ ఈనెను విసిరేసే ముందు ఒక్క నిమిషం ఆలోచించి ఉండాల్సింది అన్నారు. తిట్టినా బాగుండేది. తర్వాత జరిగింది జరిగినట్టు పైకి రాశారు. పైవాళ్ళు మళ్ళీ నవ్వి ఉంటారు. కానీ అంత నిజం రాసిన మనిషికి కాదనలేకపోయారేమో, ఇంకొక్క పంటకాలం ఇచ్చారు. ఇదే ఆఖరని కూడా రాశారు.

ఈసారి సారే స్వయంగా అవ్వ దగ్గరికి వచ్చారు. అరుగు మీద కూర్చుని, చేతులు కట్టుకుని, ఈ ఒక్కసారి ఆ మూడు మళ్ళనూ వాటి మానాన వదలమని అడిగారు. మీరు పెట్టింది ఎంత గొప్పదో చెప్పాలంటే పెట్టనిది ఒకటి చూపించాలి తల్లీ అన్నారు. అవ్వ దొడ్డి తలుపు వైపు చూసింది.

"సరే. ఒక పంటకాలం కళ్ళు మూసుకుంటాను. తూకం అయిపొయ్యినాక మాత్రం ఆ మడి నాది. నేనేం పెట్టుకున్నా మీరు అడగబాకండి" అంది.

మాట నిలబెట్టుకుంది. దొడ్డి తలుపు తియ్యడం మానేసి, చుట్టూ తిరిగి వీధి వైపు నుంచి చేనుకు పోయేది. సున్నా మళ్ళు పసుపుపచ్చగా, పీలగా నిలబడ్డాయి. ఒక శనివారం నేను భోజనానికి కూర్చుంటే ఆమె విస్తరి వేసుకోలేదు. ఒక్కపొద్దు అంది కోడలు. ఏ దేవుడికని అడిగాను. "దేవుడికి కాదు, ఆ మడికి. పంటైనదాకా శనివారం శనివారం ఉంటాదంట" అని కోడలు మెల్లగా చెప్పింది. నాకు ఆ పూట ముద్ద దిగలేదు. అప్పుడు గాని నాకు ముందటేడు ఆమె పడిన బాధేమిటో తెలిసిరాలేదు. పరిశోధన కోసం ఎన్నో మళ్ళను పస్తు పెట్టాను ఆ తర్వాత, ఒక్కదాని ముందు కూడా ఊరికే నిలబడలేకపోయాను.

ఆ ఏడు నేను ఉదయగిరికి పండక్కి పోలేదు. రోజూ చూశాను, చూసిందే రాశాను. మధ్యలో వానలు ముఖం చాటేసి బావిలో నీళ్ళు అడుగంటాయి. బస్తా మళ్ళు నెర్రెలిచ్చిన తర్వాత కూడా దిబ్బ ఎరువు మళ్ళలో మట్టి మెత్తగా ఉండి వేలు దిగేది. కోతల రోజు తూచాం. బస్తా మళ్ళు ముందున్నాయి, దిబ్బ ఎరువువి ఒక అడుగు వెనక. ఆ మాట సారు దాచలేదు. కానీ సున్నా మళ్ళు ఎక్కడో కింద ఉన్నాయి. ఎరువు పెంచిందెంతో మొదటిసారి తూకంలో కనబడింది. సారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. కాగితాలు అటకెక్కలేదు. తర్వాతి ఏళ్ళలో కలిగిరి వైపు, కొండాపురం వైపు ఇంకెన్నో చేలల్లో ఆ పని సాగింది. నా కొలువూ నిలిచింది.

ఇదంతా అవ్వకు చెబుదామని చూస్తే ఆమె కనబడలేదు. కాటా దించీ దించకముందే దొడ్డి తలుపు తీసుకుని, గంప నెత్తిన పెట్టుకుని, సున్నా మేకు పక్కన నిలబడి ఉంది.

"ఇంక వడ్డించొచ్చా నాయనా?"

వడ్డించవ్వా అన్నాను.

ఆ తర్వాత నాకు వేరే ఊరికి బదిలీ అయింది. ఏడాదికొకసారైనా పోయి చూసేవాణ్ణి. ఒకసారి ఇంగ్లీషులో అచ్చయిన సారు వ్యాసం తీసుకుపోయి తెలుగులో చెప్పాను. అందులో ఆమె పేరు లేదు, ఒక రైతు పొలంలో అని మాత్రం ఉంది. నాకు కష్టమనిపించింది. ఆమెకు పేరు సంగతి పట్టలేదు. ఆ మడి పస్తుండిందని రాసినారా అని అడిగింది. రాశారన్నాను. "అది చాలు. కడుపు మాడ్చుకుని సాక్ష్యం చెప్పింది గదా" అంది. ప్రతి ఏడూ చేనంతటికీ ఎరువు తోలే ముందు మొదటి గంప ఆ మూలకే పోసేదట. ఆమె చెప్పలేదు, కోడలు చెప్పింది.

పెద్దకర్మ నాటికి చేరుకున్నాను. నాట్లకు ముందు రోజులు, చేను దున్ని ఉంది. పందిట్లో పంక్తి వేశారు. నన్ను ఎవరూ వేరే కూర్చోమనలేదు. కొడుకు పక్కనే నాకు విస్తరి వేశారు. అన్నం, పప్పు, వడలు, పాయసం అన్నీ వడ్డించారు. కొడుకు విస్తరి ముందు మాత్రం మనిషి లేడు. కర్త రాకుండా ఎట్లా మొదలుపెట్టేది, ఎక్కడికి పోయాడని ఒక పెద్దాయన విసుక్కున్నాడు.

"వస్తాడు మామా, ఇంకొకరికి వడ్డించాల్సి ఉండాది. అత్త చెప్పిపొయ్యింది" అంది కోడలు.

దొడ్డి తలుపు తీసే ఉంది. నేను కూర్చున్న చోటికి గట్టు కనబడుతోంది. అబ్బాజాన్ చెక్కిన సున్నా మేకు ఒంగిపోయి, ఎండకూ వానకూ నల్లబడి, ఇంకా అక్కడే ఉంది. దాని పక్కన అవ్వ కొడుకు, గుండు మీద గంపతో, మెల్లగా వంగుతున్నాడు. పందిట్లో అందరూ విస్తళ్ళ ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాం. అతను గంప దులిపి, కాళ్ళు కడుక్కుని, వచ్చి నా పక్కన కూర్చున్నాక గాని ఒక్కరూ ముద్ద ముట్టలేదు.