కళ్ళకలక వచ్చిన ఏడు, మా ముగ్గురి కెమెరా

ఎనభైల మొదట్లో పిడుగురాళ్లలో మా ముగ్గురికీ కలిపి ఒకటే కెమెరా ఉండేది. ముగ్గురంటే నేను, మా ఆయన, పక్కింటి మాస్టారు. నేను ఎలిమెంటరీ స్కూల్లో టీచర్ని. మా ఆయన సున్నపు మిల్లులో ఎలక్ట్రీషియన్. మాస్టారు మిషన్ హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. గుంటూరులో ఒక పాత కెమెరా అమ్మకానికి ఉందని తెలిసి, ఎవరికి వాళ్ళం కొనుక్కునే తాహతు లేక, కలిసి కొన్నాం. వాళ్ళింట్లో కొన్నాళ్ళు, మా ఇంట్లో కొన్నాళ్ళు ఉండేది.

ఆదివారం మాస్టారు చర్చి నుంచి వచ్చి, భోజనం చేసి, మా వాకిట్లో నిలబడి “బయల్దేరదామా చెల్లెమ్మా?” అనేవారు. ఆయనొక సైకిలు, మేమిద్దరం ఒక సైకిలు. క్వారీల వైపో, రైలు కట్ట వైపో పోయేవాళ్ళం. సెలవులొస్తే బస్సెక్కి మాచర్ల దాకా వెళ్ళేవాళ్ళం.

ఫొటో తీయడమంటే మాకు పెద్ద పంచాయితీ. ముందు ఒకరు కెమెరా వెనకున్న చిన్న కిటికీకి కన్ను ఆనించి చూడాలి. బాగుందనుకుంటే ఒళ్ళు కదల్చకుండా రెండోవాళ్ళకి అందించాలి. వాళ్ళు చూసి మూడోవాళ్ళకి ఇవ్వాలి. “కాస్త పక్కకి జరిగితే ఆ కరెంటు స్తంభం పోయిద్ది గదా” అని మా ఆయన అనేవారు. “స్తంభం ఉండాలయ్యా, లేకపోతే ఆ గుట్ట ఎంత పెద్దదో తెలవదు” అనేవారు మాస్టారు. ఈ లోపల మబ్బు జరిగిపోయేది, మేక లేచి వెళ్ళిపోయేది. ఫిల్ము వృథా చేయకూడదన్నది పైకి చెప్పుకునే కారణం. అసలు ఆ వాదులాటే మాకిష్టం. ముగ్గురూ ఒప్పుకుంటేనే నొక్కేవాళ్ళం.

మాస్టారి భార్యని నేను వదినా అని పిలిచేదాన్ని. మా సరదా అంటే ఆమెకి ఒళ్ళుమంట. “రాళ్ళకీ బండలకీ ఫొటోలేందమ్మా? మనుషులకి తియ్యండి, గోడకన్నా తగిలించుకుంటారు” అనేది. కెమెరా ఆమె చేతికిచ్చి చూడమంటే తడిచేతులు చూపించి లోపలికి పోయేది.

ఆ ఏడు వానలు మొదలైన కొత్తలో కళ్ళకలక వచ్చింది. ఎప్పుడూ వచ్చిపోయేదే అనుకున్నాం. కానీ ఈసారి దేశమంతా ఉందనీ, వేరే దేశాల్లో కూడా ఉందనీ పేపర్లో రాశారు. మా బళ్ళో ఒక పిల్లవాడు ఎర్రటి కళ్ళతో వచ్చాడు. మర్నాటికి ఆ వరస సగం ఖాళీ. వారం తిరక్కుండా మా హెడ్మాస్టరు కూడా సెలవు పెట్టారు, బడి మూసేశారు.

ఆ ఆదివారం మేము వాననీళ్ళు నిండిన క్వారీ దగ్గరికి వెళ్ళాం. తెల్లటి రాతిగోడల మధ్య ఆకుపచ్చ నీళ్ళు, నీళ్ళల్లో గేదెలు. మాస్టారు రుమాలుతో మాటిమాటికీ కుడికన్ను ఒత్తుకుంటున్నారు.

“ఏంది మాస్టారూ, కన్నట్టా ఉంది?” అన్నారు మా ఆయన.

“ఏం లేదయ్యా. సైకిలు మీద వస్తుంటే సున్నం పడ్డట్టుంది.”

మా ఊళ్ళో అది నమ్మే మాటే. గాలి వీచిన రోజున అందరి కళ్ళల్లోనూ సున్నం పడుతూనే ఉంటుంది. మాస్టారు కిటికీకి కన్ను ఆనించి చాలాసేపు చూశారు. తర్వాత మా ఆయన చూశారు, ఆ తర్వాత నేను. గేదెలు బయటికి వచ్చేదాకా ఆ కెమెరా ముగ్గురి మధ్యా తిరుగుతూనే ఉంది.

రెండు రోజులు గడిచాక పొద్దున్నే లేచి చూస్తే నా కుడికంటి రెప్పలు విడిపోలేదు. వేడినీళ్ళ గుడ్డతో తడిపి తడిపి తెరిచాను. పక్కకి తిరిగితే మా ఆయనదీ అదే పరిస్థితి. ఆయనకి కూడా ముందు కుడికన్నే. గోడ అవతల నుంచి వదిన గొంతు వినిపించింది.

“మీ అన్నయ్యకి రెండు కండ్లూ చింతనిప్పుల్లాగున్నాయి. మీకూ వచ్చిందా? రాదూ మరి! ఆ డబ్బాకి ముగ్గురూ ఒకరి తరవాత ఒకరు కండ్లు అతికిస్తిరి! నా మాట వినేవాళ్ళెవరు?”

అప్పటిదాకా మాకది తట్టనే లేదు. మా ఆయన ఆ గుచ్చుకునే కళ్ళతోనే లేచి, కిటికీ చుట్టూ ఉన్న రబ్బరుని స్పిరిటుతో తుడిచి, కెమెరాని తువ్వాల్లో చుట్టి అటక మీద పెట్టేశారు.

మాకు ఆసుపత్రి చుక్కల మందుతో తగ్గిపోయింది. వారం పైగా తలుపులు మూసుకుని చీకట్లో పడుకున్నాం. మాస్టారికి అలా జరగలేదు. చూడ్డానికి రాజుపాలెం నుంచి వచ్చిన బంధువు ఒకాయన, ఏదో ఆకు పసరు పిండితే ఒక్కపూటలో ఎరుపు లాగేస్తుందని చెప్పి రెండు పూటలు పిండాడు. ఎడమకన్ను తట్టుకుంది. కుడికన్ను వాచిపోయి, పోటు మొదలైంది. మా ఆయన ఆయన్ని బస్సులో గుంటూరు తీసుకెళ్ళారు. అక్కడ చాలా రోజులు ఉంచారు. కన్ను పోకుండా కాపాడారు గానీ నల్లగుడ్డు మీద పువ్వు పడింది. ఆ కంటికి వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు. ఎడమకన్ను కూడా మునుపటంత తేటగా లేదు.

తిరిగొచ్చాక మాస్టారు మా ఇంట్లోకి రాలేదు. వాకిట్లోనే నిలబడి, “నా వాటా మీరే ఉంచుకోండయ్యా. ఇంక నాకు దాంతో పనేముంది?” అని వెళ్ళిపోయారు. ఆ మాటకి మా ఆయన రోజంతా అన్నం ముట్టలేదు.

బడి మళ్ళీ తెరిచారు. ఊళ్ళో ఎక్కడ చూసినా నల్లకళ్ళద్దాలే. బస్టాండులో ఒకతను వెదురు కర్రకి గుత్తులుగా గుచ్చి అమ్మేవాడు. లారీ డ్రైవర్లు, పాలు పోసే ఆమె, మసీదు దగ్గర పండ్లు అమ్మే తాత, అందరూ సినిమా యాక్టర్లలాగా తిరిగేవారు. కళ్ళకలక ఉన్నవాళ్ళని చూస్తేనే అంటుకుంటుందని నమ్మకం. అందుకని ఎదురుపడ్డవాళ్ళు మొహాలు పక్కకి తిప్పుకునేవారు. ఇది ఫొటో తీయాల్సిన సంగతే అనిపించింది నాకు. మా ఆయనతో అంటే, “నావల్ల కాదు. ఆ కిటికీని చూస్తేనే కండ్లు మండుతున్నట్టుంది. నువ్వు పోయి తీసుకో” అన్నారు.

అలా మొదటిసారి ఒక్కదాన్నే కెమెరా పట్టుకుని బయటికి వెళ్ళాను. మొదటి ఫొటోకి కన్ను ఆనించి, బాగుందనిపించగానే, అలవాటు కొద్దీ కెమెరా ఉన్న చెయ్యి పక్కకి చాచాను. తీసుకోవడానికి ఎవరూ లేరు. బస్టాండులో ఆడమనిషి కెమెరా పట్టుకుంటే వింతగా చూస్తారని భయపడ్డాను. చూశారేమో, నల్లద్దాల వెనక ఎవరేం చూస్తున్నారో తెలిస్తేగా!

అరుగు మీద ఒకామె అద్దాల్లేకుండా కూర్చుని ఉంది. సున్నపు బట్టీలో పని. జుట్టూ కనుబొమలూ తెల్లగా, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నీక్కూడా వచ్చిందా?” అనడిగాను.

“ఏమోనమ్మా. మా కండ్లు ఏడాది పొడుగూతా ఇట్టనే ఉంటయ్యి. ఇది వచ్చిందో పోయిందో మాకెట్టా తెలిసిద్ది?”

ఫొటో తీసుకోనా అంటే తియ్యమంది. పక్కన అద్దాలు పెట్టుకున్న వాళ్ళందరూ మొహాలు తిప్పుకుంటే ఆమె ఒక్కతే సూటిగా చూసింది. వెంటనే నొక్కాను.

ఆ రీలు నరసరావుపేటలో కడిగించుకుని వచ్చి, మా ఆయన ఆ ఫొటో వంక చాలాసేపు చూశారు. “మేమిద్దరం ఉండుంటే వెనకాల రిక్షా తీసెయ్యమనేవాళ్ళం. ఈ లోపల ఆమె చూపు తిప్పేసుకునేది” అన్నారు. నాకు సంతోషం వేసింది, దాని వెంటే ఇంకేదో దిగులు కూడా.

ఫొటోలు కడిగించడానికి వెళ్ళిన రోజునే ఆయన ఇంకో వస్తువు చూసి వచ్చారు. ఆ స్టూడియో మూలన దుమ్ము కొట్టుకుపోయిన పెట్టెలాంటి కెమెరా. ముందువైపు ఒకదాని మీద ఒకటి రెండు అద్దాలు. పైన మూత తెరిస్తే చదరపు అద్దం, దాని మీద బొమ్మ పడుతుంది. కన్ను ఆనించే పని లేదు. పొట్ట దగ్గర పట్టుకుని తల వంచి చూడటమే. తర్వాతి నెల దాన్ని కొనుక్కొచ్చి, నేరుగా మాస్టారి వాకిట్లోకి తీసుకెళ్ళారు. నేనూ వెనకాలే వెళ్ళాను.

“నన్ను వదిలెయ్యవయ్యా” అన్నారు మాస్టారు.

“ఊరికే కిందకి చూడండి మాస్టారూ. నచ్చకపోతే తిరిగిచ్చేస్తా.”

మాస్టారు తల వంచారు. వాకిట్లో కోడిపెట్ట తిరుగుతోంది. దాన్ని బొమ్మలోకి తేవాలని కెమెరా అటు తిప్పారు. ఆ కెమెరాలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. ఆయన అటు తిప్పితే కోడి ఇటు పోతోంది, ఇటు తిప్పితే అసలుకే మాయం. మూడుసార్లు తిరిగి చివరికి మునగచెట్టుకి గుద్దుకున్నారు. మా ఆయన పగలబడి నవ్వారు. మాస్టారు కూడా నవ్వారు. గుంటూరు నుంచి వచ్చాక ఆయన నవ్వడం అదే మొదలు.

“ఏందయ్యా, ఆ నవ్వులేంది?” అంటూ వదిన చేతిలో చేటతోనే వచ్చింది. భర్త భుజం పక్కనుంచి తొంగిచూసింది. చేట కింద పెట్టింది.

“ఇదేంది, ఇందులో రంగులు రంగులుగా ఉందే! ఫొటో వచ్చేసరికి తెలుపూ నలుపూ ఎందుకైద్ది?”

ఆమె అడిగేదాకా ఆ రంగులు పోయిన సంగతే మాకు పట్టలేదు.

మాస్టారికి ఒక చిక్కు మిగిలింది. అద్దం మీద బొమ్మ స్పష్టంగా ఉందో మసకగా ఉందో ఆయన కంటికి తేలడం లేదు. కెమెరా నా వైపు పెట్టి, పక్కనున్న చక్రం తిప్పుతూ, “ఏమే, ఇప్పుడెట్టా ఉంది?” అన్నారు.

“అలికినట్టుంది. ఇంకా తిప్పు... ఇంకా... ఆఁ, ఆపు. చెల్లెలి ముక్కుపుడక కనపడతంది.”

ఆయన నొక్కారు. ఆ ఫొటోలో నా ముక్కుపుడక నిజంగానే తళుక్కుమంది.

అప్పటినుంచి వాళ్ళిద్దరూ కలిసి తీసేవారు. ఆ చదరపు అద్దంలో ఇద్దరు ఒకేసారి చూడొచ్చు. వదిన పక్కన ఉంటే వీధి ఆడవాళ్ళు సిగ్గుపడకుండా ముందుకొచ్చేవారు. రాళ్ళూ గుట్టలూ పోయి మాస్టారి ఫొటోల్లోకి మనుషులొచ్చారు. మా ఆయన మెల్లిగా ఫొటోలు మానేసి, ఊరివాళ్ళ కెమెరాలు బాగుచేయడంలో పడ్డారు. నేను ఒక్కదాన్నే తిరగడం అలవాటు చేసుకున్నాను. మాలో మాకు ఏ తగాదా రాలేదు. ఆదివారాలు మాత్రం మళ్ళీ ముగ్గురం కలిసి వెళ్ళలేదు. క్వారీ అంచున నిలబడి ఏదైనా చూస్తున్నప్పుడు, ఇది బాగుందని ఎవరితోనైనా వాదించాలనిపించేది.

కొన్నేళ్ళకి మాస్టారిని ఈపూరు వైపు బడికి మార్చారు. ఒక వేసవిలో మేము చూడ్డానికి వెళ్ళాం. ఊళ్ళో వాళ్ళిల్లు అడిగితే, “ఫొటోలమ్మ గారిల్లా?” అన్నారు. ఆ ఊళ్ళో నామకరణమైనా, పెళ్ళిచూపులైనా వదిననే పిలుస్తున్నారు. ఆమె వద్దంటున్నా డబ్బుకి బదులు పళ్ళూ కూరగాయలూ తెచ్చి పోస్తున్నారు.

సాయంత్రం మమ్మల్ని మిరపకాయలు ఆరబోసిన కల్లానికి తీసుకెళ్ళింది. మాస్టారు కెమెరా పొట్టకి ఆనించి కదలకుండా నిలబడ్డారు.

“నేను స్టాండునే చెల్లెమ్మా. ఫొటో ఆమెది” అన్నారు.

వదిన అద్దం మీదకి వంగి, మా ఇద్దరినీ ఎర్రటి రాశుల మధ్యకి జరిపింది. మా ఆయన్ని చొక్కా గుండీ పెట్టుకోమంది. ఆయన పెట్టుకుంటుండగానే నొక్కేసి, “అయిపోయింది, రండి, అన్నాల వేళయింది” అంటూ ముందు నడిచింది.